చెరువుకు కాయిదం ఉన్నదా సార్?

విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు పెట్టే నోటీసులు చదవడం నాకు కొన్నేళ్లుగా ఉన్న అలవాటు. స్మారకోపన్యాసం, రెండు రోజుల జాతీయ సదస్సు, పత్రాలకు ఆహ్వానం, పుస్తకావిష్కరణ, పీహెచ్‌డీ విద్యార్థి ఓపెన్ వైవా. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. చరిత్ర అనే సబ్జెక్టుతో నా సంబంధం పదో తరగతి సోషల్ పరీక్షతో తెగిపోయింది. అయినా శనివారం ఉపన్యాసం ఉందంటే ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి, సాగర్ రోడ్డు మీదుగా నగరానికి పోయి, వెనక వరసలో కూర్చుని వినొస్తుంటాను. అక్కడ నన్ను రావద్దన్నవాళ్లు ఎవరూ లేరు. రమ్మన్నవాళ్లు కూడా లేరు.

పోయిన చలికాలం అలాగే ఒక సభకు వెళ్లాను. గోల్కొండ సుల్తానుల కాలంలో నీటి ఏర్పాట్ల గురించి ఉపన్యాసం. మాట్లాడిన ఆచార్యుడు వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. ఇంగ్లీషులో, బొమ్మలు చూపిస్తూ, చాలా బాగా మాట్లాడారు. నా పక్క కుర్చీలో తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన కూర్చున్నాడు. పొద్దున నేనెక్కిన బస్సులోనే ఆయన్ని చూశాను. ఆ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మనవడు, చెరువుల మీద మీటింగు ఉందని చెప్తే వచ్చాడట. గంటన్నర సేపు కదలకుండా కూర్చున్నాడు. ప్రశ్నల సమయం రాగానే చెయ్యెత్తాడు. మైకు చేతికొచ్చింది.

"సార్, మాది ఇబ్రహీంపట్నం. మా చెరువుకు కాయిదం ఉన్నదా సార్? మమ్ములనైతే ప్రతిదానికి కాయిదం అడుగుతున్రు. చెరువును ఎవ్వరు అడుగుతలేరు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఉపన్యాసకుడికి తెలుగు రాదు. పక్కనున్నవాళ్లు ఆయన చెవిలో ఏదో చెప్పారు. అధ్యక్షస్థానంలో ఉన్నాయన గడియారం చూసుకుని, టైమైపోయింది, మిగతాది టీ దగ్గర మాట్లాడుకుందాం అన్నారు. టీ దగ్గర పెద్దాయనకి టీ దొరికింది. జవాబు దొరకలేదు.

తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. ఆయన తండ్రి నీరటి పని చేశాడట. తూము ఎప్పుడు తెరవాలి, ఎవరి మడికి ముందు నీళ్లు పోవాలి అనేది ఆయన చేతిలో ఉండేది. "కాయిదం అంటే గదే బిడ్డా," అన్నాడు, "నీళ్లు యాడిదాంక వస్తయో గది రాసిన కాయిదం. గది లేకుంటే నీళ్లు తక్కువున్న యేడు వచ్చి, గీడిదాంకనే చెరువు అంటరు."

ఆయన అన్నదాంట్లో ఎంత విషయం ఉందో మా ప్రాంతం తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇబ్రహీంపట్నం చెరువు సుమారు 1300 ఎకరాల చెరువు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, ఆదిబట్ల వైపు కంపెనీలు వచ్చాయి, 2022లో రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు కొంగర కలాన్‌లో తెరిచారు. రోడ్డుకు రెండు వైపులా వెంచర్ల బోర్డులే. 2024లో హైడ్రా ఏర్పడిన తర్వాత ఎఫ్.టి.ఎల్. అనే మాట టీకొట్ల దాకా వచ్చేసింది. చెరువు పూర్తిగా నిండి మత్తడి దూకే సమయానికి నీళ్లు ఆనే గీత అది. ఆ గీత ఎక్కడ పడుతుందన్న దాన్ని బట్టి ఒకడి ప్లాటు నిలుస్తుంది, ఇంకొకడిది పోతుంది. కాబట్టి పెద్దాయన అడిగింది చారిత్రక కుతూహలంతో కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది చరిత్రకారులే. ఆ సభలోంచి బయటికొచ్చాక నేను ఇన్నాళ్లూ ఆలోచిస్తున్నది దీని గురించే.

కాయితం ఉన్న చెరువులు ఉన్నాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. సంస్కృతంలో ఉన్న ఆ శాసనం దానధర్మాలతో ఆగిపోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు సాధనాలు చెప్తుంది. ధర్మబుద్ధి గల రాజు, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, తియ్యటి నీళ్లున్న ఏరు, దగ్గర్లో రాతిగని, పనితెలిసిన మనుషులు, ఇలా. చెరువుకు రాకూడని దోషాలు కూడా చెప్తుంది. కట్టలోంచి నీళ్లు ఊటెత్తడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాసి పెట్టింది. ఒక ప్రాజెక్టు పూర్తయ్యాక రాసిన నివేదికలాగా ఉంటుంది. నేను ఇప్పటిదాకా పనిచేసిన ఏ ప్రాజెక్టుకూ అంత నిజాయితీ గల డాక్యుమెంటేషన్ చూడలేదు.

అయితే ప్రతి చెరువుకూ ఇలాంటి రాయి దొరకదు. అప్పుడేం చేయాలి?

మా చెరువు విషయంలో మొదట దొరికేది పేరు. ఊరి పేరు ఇబ్రహీంపట్నం, చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కట్టించింది అని ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆయన 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలాడు. హుస్సేన్ సాగర్ ఆయన కాలపుదే, పురానాపూల్ ఆయన చివరి రోజుల్లో కట్టిందే. మా చెరువును కూడా చరిత్ర పుస్తకాలు ఆయన కాలానికే కడతాయి. కానీ పేరు ఒక్కటే రుజువు కాదు. విజయవాడ పక్కన ఒక ఇబ్రహీంపట్నం ఉంది, జగిత్యాల జిల్లాలో ఇంకొకటి ఉంది. పేరు మనల్ని తలుపు దాకా తీసుకుపోతుంది. తలుపు తీయడానికి వేరే సాక్ష్యం కావాలి. సుల్తాను వైపు నుంచి ఫారసీ చరిత్రలు ఉన్నాయి. బీజాపూర్ ఆస్థానంలో ఫెరిష్తా రాసింది ఉంది, గోల్కొండలోనే 1617 ప్రాంతంలో పేరు చెప్పుకోని రచయిత రాసిన కుతుబ్ షాహీ చరిత్ర ఉంది. తెలుగు వైపు నుంచి కావ్యాలు ఉన్నాయి. అద్దంకి గంగాధర కవి 'తపతీసంవరణోపాఖ్యానం' ఇబ్రహీంకే అంకితం. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. మాలిక్ ఇబ్రహీం అనే పేరు మన నోట్లో నాని, చివర రాముణ్ని తెచ్చుకుంది.

ఈ మల్కిభరాముడి జీవితమే ఒక పాఠం. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురై, అన్న జంషీద్ గద్దె ఎక్కాక, ఇబ్రహీం ప్రాణం దక్కించుకోవడానికి పారిపోయాడు. చివరికి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. ఏడేళ్లు అక్కడే. 1550లో తిరిగొచ్చి సుల్తాను అయ్యాడు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో అదే రామరాయల మీదికి దండెత్తిన సుల్తానుల్లో ఆయనా ఒకడు. ఆశ్రయమిచ్చినవాడి మీద యుద్ధం చేశాడు, తెలుగు కావ్యం అంకితం తీసుకున్నాడు. ఇవి రెండూ నిజాలే. ఇవాళ ఫోన్లలో తిరిగే చరిత్రకు వీటిలో ఏదో ఒకటి మాత్రమే కావాలి. ఆ పేరు చూసి కొందరికి గర్వం, కొందరికి కోపం. ఆ రెంటికీ దూరంగా కూర్చుని, ఈ సాక్ష్యం ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి మెప్పు కోసం అని అడగడం నేర్పేది చరిత్ర శాఖ. ఉస్మానియాలో 1919 నుంచి పాతికేళ్లకు పైగా చరిత్ర చెప్పిన హారూన్ ఖాన్ షేర్వానీ 'కుతుబ్ షాహీ వంశ చరిత్ర' 1974లో ఇంగ్లీషులో వచ్చింది. ఫారసీ ఆధారాలతో పాటు ఈ సుల్తానుల తెలుగు కవుల గురించి కూడా అందులో రాశారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది.

సరే, ఇదంతా తెలుసుకున్నా పెద్దాయన ప్రశ్నకు సగమే జవాబు. ఎవరి కాలంలో కట్టారో తెలిసింది. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో తెలియలేదు.

ఇక్కడ నా సొంత తెలివి చూపించబోయాను. సర్వే ఆఫ్ ఇండియా పాత పటం ఒకటి సంపాదించి, దాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి, రోడ్లూ గుట్టలూ కలిసేలా సరిచేసి, పాత పటంలోని నీలం గీతను ఇప్పటి నేల మీద గీశాను. రెండు ఆదివారాలు పట్టింది. రంగులు వేసి, ఎన్ని ఎకరాలు పోయాయో లెక్క కూడా కట్టాను. చాలా గర్వంగా దాన్ని ఒక చరిత్ర పరిశోధక విద్యార్థినికి చూపించాను. ఆమె నాకు ఆ రోజు టీ దగ్గరే పరిచయం. మధ్యయుగాల దక్కన్ మీద పని చేస్తోంది, ఉర్దూ చదవగలదు.

ఆమె ఒక్కటే అడిగింది. "ఈ సర్వే ఏ నెలలో జరిగింది?"

నాకు అర్థం కాలేదు. సర్వేవాళ్లు మామూలుగా వానలు తగ్గాకే బయల్దేరేవాళ్లు, పటంలో నీలం రంగు వాళ్లు చూసిన రోజున్న నీళ్లు కావచ్చు, నిండు చెరువు కావాలనేం లేదు అంది. నేను గీసింది ఎఫ్.టి.ఎల్. కానే కాదు. పైగా నా పటం ఎవరి చేతుల్లోనైనా పడితే, చెరువును చిన్నది చేయాలనుకునేవాడికి పనికొచ్చేది. 'నీళ్లు తక్కువున్న యేడు వచ్చి' అని పెద్దాయన బస్సులో చెప్పింది సరిగ్గా ఇదే. నేను విన్నాను గానీ ఎక్కించుకోలేదు.

అప్పుడామె కాయితం ఎక్కడెక్కడ ఉండొచ్చో వరసగా చెప్పింది. నిజాం కాలం సర్వే సెటిల్‌మెంటులో తయారైన సేత్వార్‌లో ప్రతి సర్వే నెంబరుకూ విస్తీర్ణం, స్వభావం ఉంటాయి. శిఖం భూమి ఏదో అక్కడ తెలుస్తుంది. చాలావరకు ఉర్దూలో ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీతో దాన్ని సరిపోల్చాలి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొగలు కాగితాల నుంచి నిజాం ప్రభుత్వ దస్తావేజుల దాకా ఉన్నాయి. వీటన్నిటికంటే ముందు మత్తడి ఎత్తు కొలవాలి. ఎందుకంటే మత్తడి రాయి అబద్ధం చెప్పాలంటే దాన్ని పగలగొట్టాలి. ఒకవేళ పగలగొట్టి ఉంటే, ఎప్పుడు పగలగొట్టారో నీరటి కుటుంబాలకు గుర్తుంటుంది. కాబట్టి వాళ్లనీ అడగాలి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి, దాన్నీ మిగతా ఆధారాల లాగే అనుమానించాలి.

ఆ పది నిమిషాల్లో చరిత్ర శాఖ ఎందుకుండాలో నాకు అర్థమైంది. ఇంతకాలం నేను దాన్ని ఉపన్యాసాలు జరిగే చోటు అనుకున్నాను. అది ఒక పనితనం ఉన్న చోటు. మా ఊరికి ఆ పనితనం అవసరం. మరి వాళ్లూ మేమూ ఎందుకు కలవం?

ఇది ఇవాళ్టి సమస్య కాదు. 1917లో ఫర్మానా వచ్చి, మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో పై చదువులు చెప్పిన గొప్ప ప్రయోగం. దానికోసం అనువాద విభాగం పెట్టి, చరిత్ర పుస్తకాలను కూడా ఇంగ్లీషు నుంచి తర్జుమా చేయించారు. అయితే ఆ దేశభాష ఉర్దూ. తెలుగు ఒక సబ్జెక్టు. రాయప్రోలు సుబ్బారావు గారు తెలుగు పాఠం చెప్పేవారు, చరిత్ర పాఠం మాత్రం ఉర్దూలో నడిచేది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని హాల్లో కర్వే పండితుడి అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగినప్పుడు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మన ప్రాంతపు ఆధునిక చరిత్రలో ఒక పెద్ద మలుపు, ఒక బహిరంగ సభలో ఎవరి భాషకు మైకు దొరుకుతుందనే దగ్గర మొదలైంది.

ఆ కదలిక నుంచే ఒక పరిశోధక సంఘం వచ్చింది. 1923లో చనిపోయిన కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు దానికి పెట్టుకున్నారు, లక్ష్మణరాయ పరిశోధక మండలి అని. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు ఊళ్లు తిరిగి శాసనాలు ఎత్తి రాసుకున్నారు. 1935లో 'తెలంగాణా శాసనములు' అచ్చువేశారు. విశ్వవిద్యాలయం నడుస్తుండగానే, దాని బయట, తెలుగులో జరిగిన పని ఇది. 1949లో సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసినప్పుడు ఆయన పత్రికా సంపాదకుడు, ఆచార్యుడు కాదు. కావ్యాల్లోంచి తిండి, బట్ట, ఆట, పాట ఏరుకుని జనం చరిత్ర రాశారు. తర్వాత బి.ఎన్. శాస్త్రి 'మూసీ' పత్రిక నడుపుతూ, పక్క నల్లగొండ జిల్లా శాసనాలు పోగుచేశారు.

అదే సమయంలో శాఖల దారి శాఖలదే. అఖిల భారత చరిత్ర కాంగ్రెసు 1941లో హైదరాబాదులో జరిగింది, మళ్లీ 1978లో జరిగింది. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది కూడా 1978లోనే. ఉర్దూ పోయాక బోధనలోకి ఇంగ్లీషు వచ్చింది. పై వరసలో భాష మారింది, వెనక వరసలో కూర్చున్నవాడి పరిస్థితి మారలేదు. ఇదే 1978లో ఎక్కడో స్వీడన్‌లో స్వెన్ లింద్‌క్విస్ట్ అనే రచయిత ఒక పుస్తకం వేశాడు. నువ్వు నిలబడ్డ చోటే తవ్వు అని దాని పేరుకు అర్థం. ఫ్యాక్టరీ కార్మికుడు తన ఫ్యాక్టరీ చరిత్ర తనే ఎలా వెతుక్కోవాలో, ఏ దఫ్తర్‌లో ఏ కాయితం అడగాలో చెప్పే పుస్తకం. ఊళ్ల వెంట అలాంటి అధ్యయన బృందాలు పుట్టుకొచ్చాయి. మా పెద్దాయనకు కావలసింది అచ్చంగా అలాంటిదే.

శాఖల వైపు నుంచి చెప్పాల్సిందీ ఉంది. అధ్యాపక పోస్టులు ఖాళీ, ఉన్నవాళ్ల మీద పని భారం. ఉద్యోగోన్నతికి లెక్కలోకి వచ్చేది జర్నల్లో అచ్చయిన పత్రమే, ఇబ్రహీంపట్నం కట్ట మీద చెప్పిన మాట కాదు. బయటి రాష్ట్రం ఆచార్యుణ్ని పిలవాలంటే ఇంగ్లీషు తప్పదు. తెలుగులో అంటే సరుకు పలచబడుతుందని భయం కూడా ఉంటుంది. స్థానిక చరిత్ర అంటూ కులపురాణాలు పట్టుకుని వచ్చేవాళ్లతో వాళ్లు పడే ఇబ్బందీ నాకు తెలుసు. అవన్నీ ఒప్పుకుంటాను.

కానీ ఒక్క విషయం. 17వ శతాబ్దపు గోల్కొండ ఫర్మానాలు కొన్నిటిని రెండు భాషల్లో రాయించారు. పైన ఫారసీ, కింద తెలుగు. సుల్తానుకు తెలుగు మీద ప్రేమ పొంగిపొర్లి అలా చేశాడని అనుకోను. హుకుం ఊరి కరణానికి అర్థం కాకపోతే పని జరగదు, అంతే. చెప్పిన మాట చేరాలనుకున్న ప్రభుత్వం అది. మన చరిత్ర శాఖ పెట్టే నోటీసు కింద రెండు వాక్యాలు తెలుగులో ఉంటే చాలు, ఈ ఉపన్యాసం దేని గురించి, బయటివాళ్లు రావచ్చా లేదా అని. సభలో ప్రశ్నను తెలుగులోంచి ఇంగ్లీషులోకి, జవాబును ఇంగ్లీషులోంచి తెలుగులోకి చెప్పడానికి ఒక పరిశోధక విద్యార్థిని ముందే నియమించుకుంటే చాలు. ఏడాదికి ఒక్క ఉపన్యాసం, ఏ చెరువు గురించి మాట్లాడుతున్నారో ఆ కట్ట మీద పెడితే ఇంకా మంచిది. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఈ మాటలే మెయిల్లో రాసి పంపాను. చూస్తామన్నారు. చూస్తారనే అనుకుంటున్నాను.

ఈలోగా ఆ పరిశోధక విద్యార్థిని ఒక ఆదివారం మా ఊరొచ్చింది. పెద్దాయన, ఇంకో ఐదారుగురు కట్ట మీద నడిచారు. ఆయన తూము చూపించాడు, వాళ్ల నాయన నిలబడే చోటు చూపించాడు, నిండు చెరువైతే నీళ్లు ఆనే గుండు చూపించాడు. ఆమె ప్రతిదీ ఫోటో తీసుకుని, తేదీ వేసి, ఎవరు చెప్పారో రాసుకుంది. ఆయన చెప్పిన ఒక సంగతి దగ్గర మాత్రం, "తాతా, ఇది మీరు చూసిందా, విన్నదా?" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "విన్నదే," అన్నాడు. దాన్ని వేరే పేజీలో రాసుకుంది.

వచ్చే నెల నగరంలో నిజాం కాలపు భూమి రికార్డుల మీద ఒక ఉపన్యాసం ఉందని నోటీసు వచ్చింది. ఇంగ్లీషులోనే. నేను దాన్ని తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాసి, బస్టాండు పక్క హోటలాయనను అడిగి గోడకు అంటించాను. విషయం, తేదీ, టైము, ఎవరైనా రావచ్చు అన్న మాట. పెద్దాయన వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు.

"అంత మంచిగనే రాసినవ్ బిడ్డా. ఏ బస్సెక్కాల్నో రాయకపోతివి?"

పెన్ను తీసి, కింద బస్సు నెంబరు కూడా రాశాను.